పన్ను పడకపోయినా సొమ్ము ఖజానాలోనే!
స్వతంత్ర వృత్తిదారులకు రిటర్నే రక్ష

భీమవరం: ఇంటివద్దనే కంప్యూటరు ముందు కూర్చుని కట్టడాల డ్రాయింగులు గీసేవారు, సాఫ్ట్‌వేర్ రాసేవారు, దూరప్రాంత సంస్థల ఖాతాలు చూసేవారు గోదావరి డెల్టాలో నేడు కొత్త కాదు. 2020లో కరోనా కారణంగా నగరాల నుంచి స్వస్థలాలకు చేరి, ఇక్కడే స్వతంత్ర వృత్తిలో స్థిరపడినవారూ వీరిలో ఉన్నారు. వ్యవసాయ రాబడికి ఆదాయపన్ను లేకపోవడంతో రైతు కుటుంబాల నుంచి వచ్చిన అనేకులకు పన్ను ఫైలు అపరిచితం. ఫలితంగా రావలసిన సొమ్మును వదులుకోవడం, అక్కరలేని రిజిస్ట్రేషన్‌ను తలకెత్తుకోవడం అనే రెండు నష్టాలకు ఆస్కారం ఏర్పడుతోంది.

కోత వేరు, పన్ను వేరు

భీమవరంలోని ఒక సివిల్ ఇంజినీరు హైదరాబాదు సంస్థకు డ్రాయింగులు గీసి 2025-26లో రూ.6 లక్షలు ఆర్జించారనుకుందాం. వృత్తి రుసుము ఏడాదికి రూ.50 వేలు దాటితే సంస్థ 10 శాతం మినహాయించాలి. ఆ ప్రకారం రూ.60 వేలు ముందే ఖజానాకు చేరుతుంది. పాన్ ఇవ్వకుంటే కోత 20 శాతం.

ఇంజినీరింగ్, వైద్యం, న్యాయవాదం, అకౌంటెన్సీ, ఐటీ తదితర వృత్తులవారు రాబడిలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపితే ఖాతా పుస్తకాల బాధ్యత ఉండదు. 1961 చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కల్పించిన వెసులుబాటు ఇది. వార్షిక రాబడి రూ.50 లక్షల వరకు ఇది వర్తిస్తుంది. ఆ లెక్కన ఈ ఇంజినీరు ఆదాయం రూ.3 లక్షలే. కొత్త విధానంలో రూ.4 లక్షల వరకు పన్నే లేదు. అంటే కోసిన రూ.60 వేలూ తిరిగి రావలసినవే. అయితే రిటర్ను దాఖలు చేసినప్పుడే వస్తాయి. పైగా ఏడాదిలో కోత రూ.25 వేలు దాటితే ఆదాయం పరిమితిలోపే ఉన్నా రిటర్ను తప్పనిసరి.

2025-26కు సంబంధించి గడువు తప్పినవారికి 2026 డిసెంబరు 31 వరకు ఆలస్య రిటర్ను అవకాశం ఉంది. ఆపై వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రీఫండు కోరే వీలుండదు. రిటర్ను వేసిన 30 రోజుల తర్వాత ధ్రువీకరిస్తే ఆ రోజే దాఖలు చేసినట్లు లెక్కిస్తారని, అసలు ధ్రువీకరించకపోతే అది చెల్లదన్నది గమనార్హం.

కౌలు ఉంటే మరో ఫారం

పొలం ఉన్నవారు ఇక్కడే పొరబడే ప్రమాదముంది. వ్యవసాయ ఆదాయం, కౌలుతో సహా, రూ.5 వేలు మించితే సులభమైన ఐటీఆర్-4 సుగమ్ పనికిరాదు. ఐటీఆర్-3 వేయాలి. కౌలుపై పన్ను లేదని దానిని చూపకుండా వదిలేయడం సరికాదు.

జీఎస్టీ అందరికీ కాదు

సేవల వార్షిక రాబడి రూ.20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఇతర రాష్ట్రాల సంస్థలకు సేవలందించేవారికీ 2017 అక్టోబరులో ఈ వెసులుబాటు ఇచ్చారు. కాగా ఒకసారి నమోదైతే వ్యాపారం లేని కాలానికీ శూన్య రిటర్ను వేయక తప్పదు. ఆ శూన్య 3బి రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.20 చొప్పున, ఒక్కోదానికి రూ.500 వరకు రుసుము పడుతుంది. పనిచ్చే సంస్థ జీఎస్టీ సంఖ్య కోరితే స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. కానీ ఆ భారం తెలిసి తీసుకోవాలి.

రాష్ట్ర వృత్తి పన్ను దీనికి వేరు. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం అది ఒక వ్యక్తికి ఏడాదికి రూ.2,500 మించరాదు. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదు ఐచ్ఛికం. దానికి ప్రభుత్వ రుసుము ఏమీ లేదు.

2025 ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే ఆధారం. స్వతంత్ర వృత్తిదారులు ముందుగా చూడవలసింది 26ఏఎస్ పత్రం. సంస్థ కోసిన ప్రతి రూపాయీ తమ పాన్ పేరిట అందులో జమైందో లేదో సరిచూసుకోవాలి. లేనిపక్షంలో సంస్థను అడిగి సరిచేయించుకోవాలి. చెమటోడ్చి సంపాదించిన సొమ్మును తిరిగి తెచ్చుకునే తొలి మెట్టు అదే.