నిరూపించాల్సింది తయారీదారే: నానో ధూళిపై మా ప్రణాళిక

మేము నానో పదార్థాలతో రోజూ పనిచేసేవాళ్లం. పొడి డ్రమ్ము మూత తీసేవాళ్లు, మిక్సర్ కడిగేవాళ్లు, స్ప్రే గన్ పట్టేవాళ్లు, ల్యాబులో గ్రాముల లెక్కన తూచే పరిశోధక విద్యార్థులు మాలో ఉన్నారు. ఛాతీ వైద్యులు, మురుగునీటి ఇంజనీర్లు, చేలో మందు కొట్టే రైతులు మాతో చేయి కలిపారు. నానో పరిజ్ఞానం మీద మాకు ద్వేషం లేదు. మందును కణితి దాకా మోసుకెళ్లే కణాలు, ఎక్కువ కాలం మన్నే బ్యాటరీలు మాకూ కావాలి. అయితే వాటి భద్రతను తేల్చే పరీక్ష మా ఊపిరితిత్తుల్లో జరగడానికి మేము ఒప్పుకోం. హాని లేదని నిరూపించాల్సిన బాధ్యత తయారీదారుది. అది తేలేదాకా రక్షణ పొందే హక్కు కార్మికుడిది. మా ప్రణాళిక మొత్తం ఈ రెండు మాటల మీదే నిలబడింది.

ఈ ప్రకటన ఎందుకు

1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండేలా కావాలని తయారుచేసిన కణాల గురించి మేము మాట్లాడుతున్నాం. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని ఒక్కో నానోమీటరు ఘనాలుగా విడగొడితే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు అవుతుంది, అంటే దాదాపు ఎకరంన్నర. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీద. అందుకే బరువు అంతే ఉన్నా, పేరు అదే అయినా పదార్థం గుణం మారిపోతుంది. డ్రమ్ముతో వచ్చే భద్రతా పత్రంలో మాత్రం చాలాసార్లు మామూలు గ్రాఫైట్‌కో, మామూలు టైటానియం డయాక్సైడ్‌కో రాసిన జాగ్రత్తలే ఉంటాయి.

హెచ్చరికలు చాలాకాలంగా వస్తున్నాయి. పీల్చిన కార్బన్ నానో కణాలు ఎలుకల మెదడులో వాసన పసిగట్టే భాగానికి చేరుతున్నాయని 2004లో తేలింది. పొడవాటి కార్బన్ నానోట్యూబులు చిట్టెలుకల పొట్ట లోపలి పొరలో ఆస్‌బెస్టాస్ పోగుల లాంటి వాపునే కలిగించాయని 2008లో వెల్లడైంది. వాటిలో ఒక రకాన్ని 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల్లో చేర్చింది.

మనుషుల అనుభవమూ ఉంది. చైనాలో ఒకే పనిగదిలో రంగు పిచికారీ చేసిన ఏడుగురు మహిళలు ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. ఎగ్జాస్ట్ యంత్రం చెడిపోయింది, చలికి తలుపులు మూసేశారు, ముక్కుకు నూలు గుడ్డ మాస్కు తప్ప మరేమీ లేదు. వాళ్ల ఊపిరితిత్తుల్లో సుమారు 30 నానోమీటర్ల కణాలు కనిపించాయని 2009లో వైద్యులు ప్రకటించారు. జబ్బుకు మూలం ఆ కణాలేనా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. ఆ గదిలో గాలిని ఎవరూ కొలిచి ఉండకపోవడం వల్లే ఆ వాదన తెగలేదు. కొలత లేనిచోట కార్మికుడి మరణానికి కారణం కూడా దొరకదు.

ఆస్‌బెస్టాస్ చరిత్ర మాకు తెలుసు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తోందని బ్రిటన్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు 1898లోనే రాశారు. ఆ దేశం దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. మన పులివెందుల ప్రాంతంలోనూ ఆస్‌బెస్టాస్ తవ్వారు. నూరేళ్ల ఆలస్యం ఇంకోసారి జరగనివ్వం.

మా సూత్రాలు

1. పరీక్ష ముందు, అమ్మకం తర్వాత. నానో రూపంలో ఉన్న ప్రతి పదార్థాన్నీ కొత్త రసాయనంగానే చూడాలి. పెద్ద రేణువుల మీద ఎప్పుడో చేసిన పరీక్షలు చెల్లవు. పరీక్ష ఖర్చు తయారీదారు పెట్టుకోవాలి, ఫలితాలు జనం ముందు ఉంచాలి.

2. ధూళిని పుట్టినచోటే ఆపాలి. పొడిగా వాడే బదులు ద్రవంలో కలిపి వాడటానికి వీలున్నచోట అలాగే వాడాలి. తూచడం, పోయడం, కలపడం మూసిన పరికరాల్లోనో, ఫ్యూమ్ హుడ్ కిందో జరగాలి. బయటికి వెళ్లే గాలి హెపా ఫిల్టర్ దాటాకే వెళ్లాలి. పొడి చీపురుతో ఊడవడం, షిఫ్ట్ అయ్యాక కంప్రెసర్ గాలితో ఒంటి మీది బట్టలు దులుపుకోవడం పూర్తిగా ఆగాలి. ఆ దులుపుడుతో కిందికి దిగిన ధూళి మళ్లీ ముక్కు ఎత్తుకు లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. మాస్కు చివరి రక్షణ మాత్రమే, అది కూడా ముఖానికి సరిగ్గా అతికే రెస్పిరేటర్ కావాలి. జేబురుమాలు కట్టుకోమని చెప్పడాన్ని రక్షణగా లెక్కించం.

3. కొలవాలి, హద్దు పెట్టాలి. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ కార్బన్ నానోట్యూబులకు 2013లో ఘనపు మీటరు గాలికి 1 మైక్రోగ్రాము హద్దు సూచించింది. నానో వెండికి 2021లో 0.9 మైక్రోగ్రాము అంది. మన ఫ్యాక్టరీల చట్టం జాబితాలో నానో రూపానికి విడిగా హద్దులే పెట్టలేదు. సొంత హద్దులు వచ్చేదాకా ప్రపంచంలో ఉన్నవాటిలో అన్నిటికంటే కఠినమైనదాన్నే పాటించాలి.

4. తెలుసుకునే హక్కు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల వివరాలు కార్మికులకు చెప్పి తీరాలన్నారు. ఏ కొత్త కార్మిక కోడ్ వచ్చినా ఆ హక్కు తగ్గకూడదు. డ్రమ్ము మీద ‘నానో’ అని తెలుగులో, హిందీలో, అక్కడ పనిచేసేవాళ్ల భాషల్లో రాసి ఉండాలి. సౌందర్య సాధనాల మీద ఆ మాట రాయడం ఐరోపాలో 2013 నుంచి తప్పనిసరి. అదే ఏడాది నుంచి ఫ్రాన్స్‌లో నానో పదార్థం ఏటా 100 గ్రాములు దాటితే ప్రభుత్వానికి లెక్క చెప్పాలి. మనకూ అలాంటి రిజిస్టర్ కావాలి.

5. ఆరోగ్య రికార్డు కార్మికుడిది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఆరోగ్యాన్ని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం రికార్డు భద్రపరచాలంది. నానో పనికీ అదే కొలమానం కావాలి. ఒక ప్రతి కార్మికుడి చేతికి ఇవ్వాలి.

6. కాంట్రాక్ట్ పేరుతో తేడా వద్దు. డ్రమ్ములు మోసేది, ఫిల్టర్ మార్చేది, చెత్త ఎత్తేది ఎక్కువగా కాంట్రాక్ట్ కార్మికులే. వాళ్ల శిక్షణకు, పరికరాలకు, వైద్యపరీక్షలకు అసలు యజమానే బాధ్యుడు. ప్రమాదం చూసి పని ఆపినవాళ్ల కూలి కోయకూడదు. ల్యాబులో స్టైపెండ్ మీద పనిచేసే విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. 2014లో ప్రచురితమైన ఒక కేసులో 26 ఏళ్ల రసాయన శాస్త్రవేత్త నికెల్ నానో పొడిని ఒకటి రెండు గ్రాముల చొప్పున బల్ల మీద తూచింది. గొంతు మంట, ముక్కు దిబ్బడ మొదలయ్యాయి. తర్వాత చెవిపోగులు, బెల్టు బకిల్ తగిలినచోట కూడా చర్మం తట్టుకోలేకపోయింది.

7. నీరు, నేల చెత్తబుట్టలు కావు. కొన్ని రకాల నానో వెండి సాక్సులు నాలుగైదు ఉతుకుల్లోనే వెండినంతా నీళ్లలోకి వదిలేశాయని 2008లో తేలింది. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. మురుగునీటి శుద్ధి నడిచేదే సూక్ష్మజీవుల మీద. హైదరాబాద్ మురుగు మూసీలో కలుస్తుంది, ఆ నీటితోనే దిగువన పారాగడ్డి, వరి పండుతున్నాయి. నానో వ్యర్థాలను ప్రమాదకర వ్యర్థాలుగా లెక్కించాలి. కాలువలో పోయడం నేరం కావాలి.

8. పొలం కూడా పనిచోటే. నానో యూరియా 2021 నుంచి రైతుల చేతికొచ్చింది. వీపున ట్యాంకు మోసి పిచికారీ చేసే మనిషి పీల్చే తుంపరల మీద, నేలలో జరిగే మార్పుల మీద, దిగుబడి మీద తయారీదారుతో సంబంధం లేని పరిశోధన జరగాలి. ఫలితాలు రైతుకు తెలుగులో అందాలి.

9. పరిశోధన నిధుల్లో భద్రతకు వాటా. మన దేశం 2007లో నానో మిషన్ మొదలుపెట్టింది. ప్రజాధనం పొందే ప్రతి నానో ప్రాజెక్టులోనూ హాని అధ్యయనానికి నిర్దిష్టమైన వాటా ఉండాలి. హాని జరిగితే వైద్యం, పరిహారం, శుద్ధి ఖర్చు తయారీదారే భరించాలి.

మేము చేసే పని

మేము పనిచేసే ప్రతిచోటా ఏ నానో పదార్థం, ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా వెళుతోందో జాబితా రాస్తాం. భద్రతా పత్రం అడుగుతాం, అందులో నానో ప్రస్తావన లేకపోతే లిఖితపూర్వకంగా ప్రశ్నిస్తాం. మాలోని వైద్యులు ఛాతీ జబ్బుతో వచ్చిన ప్రతి కార్మికుడినీ ఏ పని చేస్తావని అడిగి చీటీలో రాస్తారు. మాలోని పరిశోధకులు రక్షణ లేని బల్ల మీద పొడి తూచమని ఏ విద్యార్థికీ చెప్పరు.

ఫ్యాక్టరీల శాఖ ఈ హద్దులను నోటిఫై చేయాలి. కాలుష్య నియంత్రణ మండళ్లు నానో వ్యర్థాల లెక్క అడగాలి. కార్మిక సంఘాలు తమ తదుపరి వేతన ఒప్పందంలోనే ఈ తొమ్మిది సూత్రాలను చేర్చాలి. యాజమాన్యాలతో కూర్చుని మాట్లాడటానికి మేము సిద్ధం. మాట్లాడేలోపు మూత తెరిచి ఉన్న డ్రమ్ము దగ్గర రక్షణ లేకుండా ఎవరమూ నిలబడం.