బేసిక్‌తో బోణీ

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ అమీర్‌పేట. కంప్యూటర్ కోర్సులకు పెట్టింది పేరు. ఉద్యోగాల వేటలో ఉన్నవారికి ఆ దారి సరే. ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రోగ్రామింగ్ రుచి చూపించడానికి మాత్రం అంతదూరం పోనక్కర్లేదు, పైసా కట్టనక్కర్లేదు. ఇంట్లో ఓ మూల పడున్న పాత కంప్యూటర్ చాలు.

అందుకు పనికొచ్చేది ఫ్రీబేసిక్. పేరు కొత్తగా ఉన్నా వంశం పాతదే. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలని బేసిక్‌ను తయారుచేశారు. 1991లో ఎంఎస్ డాస్‌తో క్యూబేసిక్ వచ్చింది. ఆ నీలం తెర చాలామంది నాన్నలకు గుర్తుండే ఉంటుంది! అదే పోలికతో 2004లో బ్రెజిల్‌కు చెందిన ఆండ్రే విక్టర్ ఫ్రీబేసిక్ మొదలుపెట్టారు. విండోస్, లినక్స్, డాస్... మూడింటిలోనూ పనిచేస్తుంది.

ఇంతకీ మొదటి ప్రోగ్రాం ఏం రాయాలి? ఎర్రగడ్డ రైతుబజారు లెక్కే రాయండి. టమాటా కిలో 24 రూపాయలు, కొన్నది రెండున్నర కిలోలు అనుకోండి. నోట్‌ప్యాడ్‌లో 'డిమ్'తో ధర, కిలోలు అనే రెండు పేర్లు ప్రకటించాలి. (తెలుగు మాటలే, ఇంగ్లిషు అక్షరాల్లో.) 'ఇన్‌పుట్'తో వాటి విలువలు అడగాలి. 'ప్రింట్'తో రెండింటి గుణకారం చూపించాలి. అంతే!

తిరకాసు ఒక్కచోటే ఉంది. ఆ పేర్లను 'ఇంటీజర్'గా ప్రకటిస్తే కంప్యూటర్ పూర్ణాంకాలే దాచుకుంటుంది. రెండున్నర కాస్తా రెండైపోయి, 60 రూపాయల బిల్లు 48కి దిగుతుంది. తప్పని చెప్పదు కూడా. 'డబుల్' అని రాస్తే లెక్క సరిపోతుంది. ఏ అంకెను ఏ గిన్నెలో పోయాలో పిల్లలకు ఇక్కడ తెలిసినంత బాగా పుస్తకంలో తెలియదు.

ఫైలును దాచేటప్పుడు పేరు చివర చుక్క పెట్టి బి, ఏ, ఎస్ అక్షరాలు రాయాలి. ఫైల్ రకం దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోకపోతే నోట్‌ప్యాడ్ తన తోకను తగిలిస్తుంది. తర్వాత కమాండ్ విండోలో కంపైలర్ పేరు 'ఎఫ్‌బీసీ', పక్కన ఫైలు పేరు. ఎంటర్ కొడితే ఈఎక్స్ఈ ఫైలు తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి బాబాయి ఇంటి విండోస్ కంప్యూటర్‌కు ఇవ్వొచ్చు, అక్కడ ఫ్రీబేసిక్ లేకపోయినా నడుస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే విండో మెరుపులా వచ్చి మాయమవుతోందా? చివరి వరుసలో 'స్లీప్' అని రాయండి. ఏదైనా మీట నొక్కేదాకా ఆగుతుంది.

దీనితోనే ఉద్యోగం వస్తుందా అంటే, రాదు. జావా, పైథాన్ తర్వాత ఎలాగూ నేర్చుకోవాలి.

సంచిలో టమాటా ఒక్కటే ఉండదు కదా! పది రకాలకూ కలిపి బిల్లు వేయాలంటే 'ఫర్', 'నెక్స్ట్' కావాలి. ఈ ఆదివారం బజారు నుంచి రాగానే ప్రయత్నించండి.