ఎగ్రీజియస్ అనే ప్రబుద్ధుడు



తెలుగు పండితుడికి ఇంగ్లీషు విశేషణంతో పనేమిటని మీలో కొందరు అడగవచ్చు. పని కలిగింది. ఇందులో నా తప్పు కూడా ఉంది కనుక, ముందుగా దానిని ఒప్పుకొని ఆ తరువాత ఇతరుల తప్పులను ఎంచుతాను.

మా లాల్ దర్వాజా గల్లీలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఉంది. వారి కళాశాలలో ఒక అధ్యాపకురాలు పదవీ విరమణ చేస్తుంటే, వీడ్కోలు సభలో చదవడానికి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకొని, ఒకసారి చూడమని నా దగ్గరికి తెచ్చింది. అందులో ఆవిడ సేవను 'ఎగ్రీజియస్' అని కొనియాడింది. పోటీ పరీక్షల వారికోసం అమ్మే పదాల పుస్తకంలో ఆ మాటకు ఎదురుగా 'అసాధారణమైన' అని ఉందట. నాకు అనుమానం వచ్చి నా పాత నిఘంటువు తిరగేశాను. 'ప్రసిద్ధమైన, విశేషమైన' అన్న మొదటి అర్థం కనబడగానే పుస్తకం మూసి, "బాగుందమ్మా" అన్నాను. దాని కింద ఉన్న రెండవ అర్థం చదవలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు నిఘంటువు చూడడం నేర్పినవాడిని!

సభలో ఆ మాట రాగానే ముందు వరుసలో నవ్వులు వినిపించాయట. వేదిక మీది పెద్దమనిషి ఒకరు మైకు అందుకొని మరీ దిద్దారట. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి, "సార్, అర్థం సరిగ్గనే రాసిన గద! మరెందుకు నవ్విన్రు?" అని అడిగింది. పై నెలలో ఉన్న ఉద్యోగపు ఇంటర్వ్యూకు ఇక పోనని కూడా చెప్పింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని చదువు మీదనే నా యుద్ధం.

ముందు ఆ మాట చరిత్ర చూద్దాం. లాటిన్‌లో 'గ్రెక్స్' అంటే మంద. మందలోనుంచి వేరుపడి కనిపించేది ఎగ్రీజియస్. అంటే విశిష్టమైనది, ఎన్నదగినది. పిల్లలకు తెలిసిన అగ్రిగేట్ మార్కులు, చర్చిలోని కాంగ్రిగేషన్, తడిచెత్తను పొడిచెత్తను సెగ్రిగేట్ చేయడం, అన్నీ ఆ మందలోవే. పదహారవ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాట ప్రశంసే. ఆ శతాబ్దంలోనే దానిని వెటకారంగా వాడడమూ మొదలైంది. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వెలువడేనాటికి చెడ్డ అర్థమే వాడుకలో నిలిచింది. ఈనాడు దాని అర్థం 'కొట్టొచ్చినట్టు కనబడేంత చెడ్డ' అని. ఇటలీలో మాత్రం దాని తోబుట్టువు 'ఎగ్రేజియో' ఉత్తరాల మొదట్లో గౌరవ సంబోధనగా ఇప్పటికీ నిలిచి ఉంది. తల్లి ఒక్కతే, ఒక బిడ్డ మర్యాదస్తుడు, మరొక బిడ్డ అప్రతిష్ఠపాలు.

ఇది మనకు వింతా? 'ప్రబుద్ధుడు' అంటే మేల్కొన్నవాడు, జ్ఞాని. ఈనాడు ఎవరినైనా "ఆ ప్రబుద్ధుడు" అంటే అతడు ఏం నిర్వాకం చేశాడని అడుగుతాం. 'ఛాందసుడు' అంటే వేదం చదివినవాడు, ఇప్పుడది నాబోటివాణ్ణి ఎగతాళి చేసే మాట. ప్రాచీన కావ్యాలలో 'కంపు' పరిమళం, ఈనాడు ముక్కు మూసుకుంటాం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుడు సగర్వంగా చెక్కించుకున్న 'దేవానాంప్రియ' బిరుదుకు, తరువాతి సంస్కృత వ్యాకరణాలు మూర్ఖుడని అర్థం చెప్పాయి. దీనికి ఎదురు నడిచిన మాటా ఉంది. ధర్మశాస్త్రాలలో 'సాహసం' అంటే బలాత్కారంగా చేసే నేరం, ఈనాడు సాహసికి బహుమతులిస్తాం.

మన ఆలంకారికులు దీని మర్మం ఏనాడో చెప్పారు. చెప్పిన మాటకు విరుద్ధార్థం స్ఫురిస్తే అది విపరీత లక్షణ. ఆ వెటకారం వాడగా వాడగా గడ్డకట్టి రూఢి అవుతుంది. రూఢి ఏర్పడిన చోట వ్యుత్పత్తి చెల్లదు. ఎగ్రీజియస్‌కు జరిగింది ఇదే.

నేను ఆ అమ్మాయిని ఒకటే అడిగాను. "శాలిబండ చౌరస్తాలో ఎవడినైనా 'వాడు పెద్ద హజ్రత్' అంటే ఏమిటమ్మా?" టక్కున చెప్పింది. "తిట్టినట్టే సార్. మా దిక్కు ఉస్తాద్ అన్నా అంతే, ఎట్ల అన్నరో చూడాలె." మహనీయులకు వాడే మాట, గురువుకు వాడే మాట పాతబస్తీ గల్లీలో ఎట్లా తలకిందులవుతాయో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. తెలుగూ ఉర్దూ కలిసి పారే వీధిలో పెరిగి తానే నేర్చుకుంది. ఆ తెలివిని తట్టి లేపితే ఎగ్రీజియస్ అర్థం కావడానికి ఐదు నిమిషాలు చాలు. తట్టి లేపినవారే లేరు.

ఇక వాడుక సంగతి. విశేషణం ఒంటరిగా బతకదు, విశేష్యంతో కాపురం చేస్తుంది. 'పచ్చి అబద్ధం' అంటాం, 'పచ్చి మోసం' అంటాం, 'పచ్చి దరిద్రం' అనం. దరిద్రం 'కటిక'ది, చీకటి కూడా కటికదే. వెన్నెల పండుతుంది, ముసలితనమూ పండుతుంది, చీకటి పండదు. వీటిని మనం ఏ పట్టీలోనూ బట్టీ పట్టలేదు. ఎగ్రీజియస్ కూడా అంతే. పొరపాటు, ఉల్లంఘన, అధికార దుర్వినియోగం, అన్యాయం, ఇవీ దాని సావాసం. ఎవరో ఒకరు బాధ్యత వహించవలసిన తప్పు దానికి కావాలి. పంటినొప్పి ఎంత భరించరానిదైనా దానికి ఆ మాట అతకదు. తీర్పులలో, సంపాదకీయాలలో ఒదిగినట్టు అది వంటింటి మాటల్లో ఒదగదు. ఒకప్పుడు లాహోరులో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసిన జె. ఆర్. ఫర్త్, మాటను దాని సహవాసాన్నిబట్టి తెలుసుకోవాలని 1957లో రాశాడు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. మాటలకూ అది వర్తిస్తుంది.

ఈ నేరంలో దోషులు ముగ్గురు.

మొదటివారు పట్టీల వ్యాపారులు. ఒక మాటకు ఎదురుగా ఒక మాట పెట్టి, మధ్యన ఒక గీత గీసి, అర్థం చెప్పామంటారు. ఆ గీత అర్థాన్ని చెప్పదు, అర్థంలో సగాన్ని నరుకుతుంది. పరీక్షకు అంత సమయం లేదంటారు. అయిదు వందల మాటలు తప్పుగా నేర్వడానికి సమయముంది, యాభై మాటలు సరిగా నేర్వడానికి లేదా?

రెండవవారు, తెలుగు వదిలితేనే ఇంగ్లీషు అబ్బుతుందని ఊదరగొట్టే పెద్దలు. తెలంగాణలో 2018లో బడులన్నింటా తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడులలో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒకటి రెండవదానికి శత్రువని వీరి వాదన. ఇంగ్లీషు పిల్లలకు రావలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కాని ప్రబుద్ధుడి కథ తెలిసిన పిల్లకు ఎగ్రీజియస్ కథ సగం తెలిసినట్టే. తెలుగును తరగతి గది బయట చెప్పులతోపాటు విడిచి రమ్మంటే, ఆ సగాన్ని కూడా బయటే పారేయమన్నట్టు.

మూడవవాడిని నేను, నా వంటి పండితులు. ఏ ఇంగ్లీషు మాట కనబడినా దానిమీద ఒక సంస్కృత సమాసం కప్పి, పని అయిపోయిందని చేతులు దులుపుకుంటాం. 'విశిష్టమైన' అన్నది అందంగా ఉంది కనుక సరైనదనుకుంటాం. ఆ అందానికి ఒక ఆడపిల్ల నిండు సభలో తలవంచుకుంది.

అందుకే నా మనవి ఇది. కొత్త విశేషణం నేర్పేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది ఎక్కడ పుట్టింది? ఎవరితో తిరుగుతుంది? మెచ్చుకోలా, తిట్టా? ఏ సభలో చెల్లుతుంది? ఈ నాలుగూ ఏ భాషలో అడిగినా పరవాలేదు. పిల్లకు బాగా తెలిసిన భాషలో అడగడం ఉత్తమం. జవాబుగా ఆ మాటతో పిల్ల చేత సొంత వాక్యం ఒకటి చెప్పించండి.

నేను ఆ అమ్మాయి చేత చెప్పించాను. పదాల పుస్తకాన్ని చూపుడు వేలితో తట్టి, ఇందులోని తప్పు ఎగ్రీజియస్ అని ఇంగ్లీషులో అన్నది. వాక్యంలో ఏ లోపమూ లేదు. ఆ తప్పులో నా వాటా కూడా ఉందని నేనే కలిపాను.

ఇంటర్వ్యూకు పోయే విషయం ఆలోచిస్తానన్నది. పొమ్మని నేనూ చెబుతున్నాను. కాని ఆ సభలో నవ్విన వారిని, ఆ నవ్వుకు కారణమైన మమ్మల్ని ఎవరు ఇంటర్వ్యూ చేస్తారు?

స్వస్తి.