పాఠం ఇంటికి వచ్చిన రోజులు మరిచిపోయారా?

నెలల తరబడి జబ్బుపడ్డ పిల్లల చదువు సంగతి ఎప్పుడు అడిగినా అధికారుల నోట వచ్చే జవాబు ఒక్కటే: ‘హాజరు మినహాయింపు ఇస్తున్నాం కదా!’ ఈ మాట విని విని విసుగొచ్చింది. హాజరు మాఫీ చేస్తే పరీక్ష హాల్లోకి రానిస్తారు, అంతే. అక్కడ రాయాల్సిన పాఠం ఎవరు చెప్పాలి? సీబీఎస్‌ఈ నిబంధనల్లో క్యాన్సర్, ఎయిడ్స్, టీబీ అని జబ్బుల పేర్లతో సహా రాసి, 60 శాతం హాజరు కూడా లేని పది, పన్నెండు తరగతుల పిల్లలకు వెసులుబాటు ఇచ్చారు. మంచిదే. కానీ అదంతా రోజుల లెక్క. పోయిన పాఠాల లెక్క ఎవరి దగ్గరుంది?

2020 సెప్టెంబర్ 1. కరోనాతో బడులు మూతపడి ఉండగా, తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి దాకా పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలైన రోజు. టీచర్లు ఫోన్లు చేసి ‘పాఠం చూశావా’ అని అడిగారు. టీవీ లేని పిల్లల్ని పంచాయతీ ఆఫీసుల్లో కూర్చోబెట్టారు. లోపాలు బోలెడు. అయినా బడికి రాలేని పిల్లల దగ్గరికి బడే వెళ్లాలని ఆ రోజు ప్రభుత్వమే ఒప్పుకుంది. లక్షల మంది ఇళ్లలో ఉంటే చేయగలిగింది, ఒక్క పిల్ల ఇంట్లో ఉంటే ఎందుకు చేయలేరు?

మా బంధువులమ్మాయికి ఏడో తరగతిలో ఉండగా రక్త క్యాన్సర్ అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. చికిత్స పూర్తి కావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. తెల్లరక్తకణాలు పడిపోయినప్పుడల్లా జనంలోకి వెళ్లొద్దన్నారు డాక్టర్లు. లెక్కల నోట్సు ‘బీజీయ సమాసాలు’ దగ్గర ఆగిపోయింది. నేను వార్డుకు వెళ్లేసరికి కుడిచేతికి క్యాన్యులా, దాని మీద ప్లాస్టరు. వాళ్లమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని, స్నేహితురాలు వాట్సాప్‌లో పంపిన నోట్సు ఫొటోను ఎడమచేతి వేళ్లతో పెద్దది చేసి చూస్తోంది. పేజీ మీద నీడ పడి రెండు మెట్లు కనిపించడం లేదు. ‘పెదనాన్నా, ఈ ఎక్స్ ఎటు పోయింది?’ అంది. తెలిసినంతలో చెప్పాను. బడి చేయాల్సిన పని అది.

ఏడాది చివర ఎనిమిదిలోకి పంపారు. కొత్త పుస్తకాలూ ఇచ్చారు. ఒక్క టీచరూ గుమ్మంలోకి రాలేదు. ఆ తరగతికి ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. జబ్బు బయటపడ్డాక ఆమెకు అందిన గంటలు సున్నా.

చట్టంలో దారే లేదా అంటే, ఉంది. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటివద్ద చదువును ఎంచుకోవచ్చని 2012 సవరణ హక్కు ఇచ్చింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నియమించిన రిసోర్స్ టీచర్లు అలాంటి ఇళ్లకు వెళ్తున్నారు కూడా. కీమో మీద ఉన్న పిల్ల, డయాలసిస్ మీద ఉన్న పిల్లవాడు మాత్రం అందులోకి రారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, క్యాన్సర్ లేదు. 2020 సెప్టెంబర్ 1న పాఠం చెప్పడానికి ఏ పిల్లనైనా వైకల్య ధ్రువపత్రం అడిగారా?

టీచర్ల కొరత ఉంది, ఏకోపాధ్యాయ బడులున్నాయి. ఒప్పుకుంటాను. కానీ ఒక మండలంలో ఇలాంటి పిల్లలు వందల్లో ఉండరు. వారానికి రెండు పూటలు ఒక టీచరును పంపలేని వ్యవస్థా మనది? ‘ప్రాణం ముఖ్యం, చదువుదేముంది’ అనే పెద్దలు ఒక్కసారి పిల్లల వార్డులో సాయంత్రం దాకా కూర్చుని చూడాలి. మందుకూ మందుకూ మధ్య ఒంట్లో బాగున్న రోజులు చాలానే ఉంటాయి. ఆ రోజుల్లో పైకప్పు చూస్తూ పడుకోవడమే ఆ పిల్లలకు పని. ఇక ‘ఓపెన్ స్కూల్ ఉందిగా’ అనే సలహా అన్నింటికన్నా క్రూరమైనది. జాతీయ ఓపెన్ స్కూల్లో పది రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. పన్నెండేళ్ల పిల్లను ఆ దారి చూసుకోమనడం బడి నుంచి వెళ్లగొట్టడమే.

ఇంగ్లండ్‌లో జబ్బు వల్ల 15 బడి రోజులు పోతాయని తేలితే చాలు, చదువు ఏర్పాటు చేయడం స్థానిక ప్రభుత్వ బాధ్యత. మనం అంత దూరం వెళ్లక్కర్లేదు, మన 2020 సెప్టెంబర్ 1 చాలు. డాక్టర్ రాసిచ్చిన కాగితం మీద ఎంఈఓ టీచరును కేటాయించాలి. ఆ గంటలు డ్యూటీ కింద లెక్కకట్టాలి, దారి ఖర్చులివ్వాలి. క్యాన్సర్, కిడ్నీ వార్డులున్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గది, ఒక టీచరు ఉండాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖలు ఈ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పిల్లల పేర్లు ఇంకా మీ రిజిస్టర్లలోనే ఉన్నాయి.