వన్‌సైడ్ సినిమానే.. అయితే ఏంది?

ఊరి వాట్సాప్ గ్రూపుల ఏదన్న డాక్యుమెంటరీ లింకు పడంగనే ఒక మాట వస్తది: ‘గిది వన్‌సైడ్ రా భయ్’. సూసినోళ్లు నలుగురుండరు, తీర్పు చెప్పెటోళ్లు నలభై మంది. అసలు ఒక దిక్కు నిలవడి సినిమా తీసుడు తప్పా?

ఈ లొల్లి పాతదే. 1984 డిసెంబర్‌ల భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీల విషగ్యాస్ లీకై వేలమంది పానాలు పోయినయి. తపన్ బోస్, సుహాసినీ ములే వాళ్లు బాధితుల దిక్కు నిలవడి ‘బియాండ్ జెనోసైడ్’ తీసిండ్రు. దానికి జాతీయ అవార్డు కూడ వచ్చింది. అయినా దూరదర్శన్ చూపియ్యనన్నది. ముచ్చట పాతబడ్డదట, సినిమాల సమతూకం లేదట, నష్టపరిహారం కేసు కోర్టుల ఉన్నదట! 1992ల సుప్రీంకోర్టు ఈ సాకులు ఒప్పుకోలే. సర్కారును విమర్శించిందని సినిమాను ఆపుడు కుదరదని తేల్చింది.

మన తాతలు టాకీసుల సినిమాకు ముంగట ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీళ్లు సూసిండ్రు. డ్యాములు, మంత్రులు, కొబ్బరికాయలు. అది సర్కారు సైడ్. దాన్ని వన్‌సైడ్ అని ఎవలు ఆపలే. అదే డ్యాం కింద మునిగిన ఊరి దిక్కు కెమెరా తిప్పితే మాత్రం లొల్లి షురూ. ఆనంద్ పట్వర్ధన్, సిమంతినీ ధురు తీసిన ‘నర్మదా డైరీ’ (1995) సూడుండ్రి. మల్లన్నసాగర్ల ఊరు పోయినోళ్లకు ఆ గోస ఎవలు ఇడమరిచి చెప్పనక్కర్లే.

పత్తి రైతు బిడ్డలైతే దీపా భాటియా తీసిన ‘నీరోస్ గెస్ట్స్’ (2009) సూడాలె. జర్నలిస్టు పి.సాయినాథ్ ఎంబడి విదర్భల ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇండ్లకు పోతది కెమెరా. ఆదిలాబాద్ దాటితే విదర్భనే గదా. ఆ సినిమా సర్కారుకు సగం, రైతుకు సగం అని పంచదు. రైతు పక్కన్నే కూసుంటది.

అయితే ఒకటి. దిక్కు నిలవడుడు వేరు, అబద్ధమాడుడు వేరు. వేరే ఊరి వీడియో తెచ్చి ఈ ఊరిదంటే అది అభిప్రాయం కాదు, మోసం. అందుకే ‘ఎవల దిక్కున్నడు’ అని కాదు, ‘చూపించింది నిజమేనా’ అని అడగాలె. నచ్చకుంటే జవాబియ్యాలె.

జవాబు ఎట్లియ్యాల్నో ‘రైటింగ్ విత్ ఫైర్’ (2021) ముచ్చట చెప్తది. ఉత్తరప్రదేశ్ల ‘ఖబర్ లహరియా’ నడిపే దళిత ఆడబిడ్డల మీద రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిండ్రు. ఆస్కార్ నామినేషన్ దాక పోయింది. సరిగ్గ అప్పుడే ఆ రిపోర్టర్లు, సినిమా బాగనే కదిలిస్తది గని మా పని సంగతి అండ్ల సగమే వచ్చిందని రాసి బయటపెట్టిండ్రు. తీసినోళ్ల సైడ్ ఉన్నది, వీళ్ల సైడ్ ఉన్నది. సూసెటోళ్లకు రెండూ అందినయి. సినిమా ఆపితే అందేది సున్నా.

మన ఊరి కథ రేపు మనమే ఫోన్ల తీస్తం. ఇసుక లారీల మీదనో, ఎండిన చెరువు మీదనో. అప్పుడు సర్పంచో, కాంట్రాక్టరో వచ్చి ‘గిది వన్‌సైడ్, డిలీట్ కొట్టు’ అంటే ఏం జెప్తం? ఇయ్యాల పట్వర్ధన్‌కు లేదన్న హక్కు రేపు మనకెట్ల ఉంటది? ముందుగాల సూడుండ్రి. సూసినంక తిట్టుడా, మెచ్చుకునుడా మీ ఇష్టం.