నాన్న షిఫ్టు నాన్నది, పిల్లల నిద్ర పిల్లలది

హౌన్స్‌లోలో పిల్లల్ని వేళకు పడుకోబెట్టడం అంత తేలిక కాదు. పక్కనే హీత్రో. తెల్లవారుజామున 4.30 దాటిందంటే దూరదేశాల విమానాలు దిగడం మొదలవుతుంది. జూన్‌లో రాత్రి 9.20 అయితే గానీ పొద్దు గుంకదు. ‘ఇంకా వెలుతురుంది కదమ్మా, అప్పుడే పడుకోవాలా?’ అని అడిగే పిల్లలకు ఏం చెబుతాం?

విమానాల మోత మీద ఇక్కడివాళ్లు చేయాల్సిన పోరాటం చేశారు. హీత్రో రాత్రి విమానాలపై చుట్టుపక్కల నివాసులు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. 2001లో గెలిచారు. కానీ 2003లో పెద్ద ధర్మాసనం, వాళ్ల ఇంటి ప్రశాంతత హక్కుకు భంగం కలగలేదని తేల్చింది. ఆకాశం సంగతి మన చేతుల్లో లేదు. ఇంట్లో లైటు ఎన్నింటికి తీసేయాలన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

మనవాళ్ల ఇళ్లలో చాలాచోట్ల కనిపించేదే చూడండి. నాన్నకు ఎయిర్‌పోర్టులోనో, గోడౌన్‌లోనో లేట్ షిఫ్టు. ఇల్లు చేరేసరికి రాత్రి 11. ‘నాన్న వస్తారు, చూసి పడుకుందువుగాని’ అంటుంది అమ్మ. అప్పటిదాకా చేతిలో ఫోను. నాన్న రాగానే ఆటలు, కబుర్లు, మళ్లీ రెండు ముద్దలు. పడుకునేసరికి 12. పొద్దున 7 గంటలకు లేపితే ఏడుపు.

ఇందులో ఉన్నదంతా ప్రేమే, కాదనను. కానీ లెక్క చూడండి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. మన పిల్లాడికి దక్కింది 7. పైగా నిద్ర చాలని పిల్లలు పెద్దవాళ్లలా తూగుతూ కూర్చోరు. గంతులేస్తారు, అలుగుతారు, చెప్పిన మాట వినరు. మనం దాన్ని పెంకితనం అనుకుని కసురుకుంటాం.

‘మరి వారమంతా పిల్లాడు తండ్రి మొహం చూడొద్దా?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. చూడాలి. అయితే రాత్రే ఎందుకు చూడాలి? లేట్ షిఫ్టు వారికి పొద్దున్న పూట ఉంది. కాస్త ముందు లేచి పిల్లాడికి పాలు ఇచ్చి, బడి దాకా చెయ్యి పట్టుకుని నడిపించండి. ఎర్లీ షిఫ్టు వారికి సాయంత్రం ఉంది. నైట్స్ చేసేవారు పిల్లలు లేచే వేళకు ఇల్లు చేరతారు. రెండు ఉద్యోగాలు చేసేవారికి సెలవు రోజే గతి. ఆ రోజు పూర్తిగా పిల్లలదే కావాలి. నిద్ర కళ్లతో అర్ధరాత్రి ఆడే ఆట కంటే తెలివిగా ఉన్నప్పుడు గడిపే అరగంట మేలు కాదా?

‘ఉన్నది ఒక్క గది, ఎలా కుదురుతుంది?’ అనేవారూ ఉన్నారు. అందరూ ఒకే గదిలో పడుకోవడం మనకు తరతరాల అలవాటే, అందులో తప్పేం లేదు. రోజూ ఒకే వేళకు పడుకోబెట్టండి. గంట ముందే టీవీ, ఫోను కట్టేయండి. స్నానం, గోరువెచ్చని పాలు, ఒక చిన్న కథ. ఈ వరస రోజూ మారకుండా ఉంటే ఒళ్లే నిద్రకు సిద్ధమవుతుంది. వేసవిలో కిటికీకి మందపాటి నల్ల కర్టెన్ కట్టండి. సాయంత్రం పూట పిల్లలకు టీ వద్దు. ఆలస్యంగా వచ్చినవారు పెద్ద లైటు వేయకండి. ఇల్లు పంచుకునేవారికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, అర్థం చేసుకుంటారు. ఇండియాకు ఫోను బడి నుంచి రాగానే చేయించండి. ఇక్కడ వేసవిలో సాయంత్రం 5 అంటే అక్కడ రాత్రి 9.30. నానమ్మ చేత పేదరాశి పెద్దమ్మ కథ చెప్పించుకోవడానికి అదే మంచి వేళ.

పసిబిడ్డల సంగతి వేరు. మొదటి 6 నెలలు బిడ్డ మన గదిలోనే, కానీ తన కాట్‌లో, వెల్లకిలా పడుకోవాలి. బ్రిటన్‌లో 1991లో ఈ వెల్లకిలా పడుకోబెట్టే ప్రచారం మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య బాగా తగ్గింది. షిఫ్టు చేసి ఒళ్లు తెలియనంత అలసటతో వచ్చి, బిడ్డను గుండెల మీద వేసుకుని సోఫాలో నిద్రపోవడం ప్రమాదం. నిద్ర కోసం దగ్గు మందు పట్టడం అసలే వద్దు. పిల్లలు తరచూ గట్టిగా గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించినా జీపీకి చూపించండి. 5 ఏళ్లలోపు పిల్లలుంటే హెల్త్ విజిటర్‌ను అడగండి. డబ్బు కట్టక్కర్లేదు, మొహమాటమూ అక్కర్లేదు.

మనం ఇంత దూరం వచ్చి వేళాపాళా లేకుండా కష్టపడుతున్నది పిల్లల కోసమే కదా! వచ్చే వారం రోటా చేతికి రాగానే, ఏ రోజు పొద్దున్న నాన్నది, ఏ రోజు సాయంత్రం నాన్నది అని రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పిల్లలు అది చూసుకుని నిశ్చింతగా పడుకుంటారు.