ఐదు చూసి ఆరోది చెప్పొద్దు



ఈసారి నేను ఒక పెద్ద సంఖ్య గురించి రాస్తున్నాను. అది 4,29,49,67,297. చదవాలంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు.

ఇది ఎలా వచ్చిందంటే, 2ని 2తో గుణిస్తే 4. 4ని 4తో గుణిస్తే 16. ఇలాగే పోతే 256, 65,536 వస్తాయి. 2తో మొదలుపెట్టి ఒక్కోదానికి 1 కలపండి. 3, 5, 17, 257, 65,537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. 1తోను, తమతోను తప్ప దేనితోనూ తెగవు. 65,536ని మళ్ళీ దానితోనే గుణించి 1 కలిపితే నేను చెప్పిన సంఖ్య వస్తుంది. వరుసలో ఇది ఆరోది.

ఫ్రాన్సు దేశపు ఫెర్మా చాలా గొప్ప గణిత శాస్త్రజ్ఞుడు. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 1640లో రాశాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాడు. తొంభై రెండేళ్ళ తర్వాత, 1732లో, ఆయిలర్ ఆ ఆరోదాన్ని విడగొట్టి చూపించాడు.

641 × 67,00,417 = 4,29,49,67,297.

కావాలంటే గుణించి చూసుకోండి. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలర్ నిరూపించాడు. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదు భాగహారాలు చేస్తే చాలు, తేలిపోతుంది. ఇంకో వింత ఏమిటంటే, 65,537 తర్వాత ఈ వరుసలో ఇప్పటిదాకా ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "ఏజెన్సీ పిల్లలకు లెక్కలు రావు" అనే మాట మనందరం విన్నదే. మనలో కొందరు దాన్ని నమ్మి, లెక్కల పీరియడ్‌లో వెనక బెంచీకి పోతున్నారు. ఎవరో ఐదుగురు ఫెయిలవడం చూసి అందరికీ అంటగట్టిన మాట అది. ఫెర్మా అయితే నిరూపణ లేదని చెప్పాడు. వీళ్ళు అదీ చెప్పరు. అంత గొప్పవాడి మాటనే భాగహారం చేసి చూశారు కదా, మరి ఈ మాటను చూడకుండా ఎందుకు నమ్మాలి?

మనమూ ఒకటి మానాలి. గైడులో ఉంది కాబట్టి రైటే అని దించుకోవడం. అది కూడా చూడకుండా నమ్మడమే.

వార్డెను గారికి ఒక మనవి. స్టడీ అవర్లో చివరి పది నిమిషాలు బోర్డు మాకివ్వండి. రోజుకొకరం ఒక లెక్క చేసి, జవాబు ఎందుకు అంతే వచ్చిందో చెప్తాం. అడిగే తమ్ముళ్ళను పెద్ద క్లాసుల అన్నలు కసరొద్దు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి